పిల్లల చదువులో పరిశోధన: తల్లులు తెలుసుకోవలసిన నాలుగు మాటలు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను మాట్లాడబోయే విషయం పేరు వినగానే, "ఇది మనకెందుకులే" అని రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోవాలని కొందరికి అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. విషయం ఏమిటంటే, విద్యార్థులు చేసే పరిశోధన. ఒకప్పుడు పరిశోధన అనే మాట యూనివర్సిటీలో డాక్టరేటు కోసం కూచున్నవాళ్ల నోట మాత్రమే వినిపించేది. ఇప్పుడు అలా కాదు. డిగ్రీ చదివే పిల్లలకీ ప్రాజెక్టు, ఇంజనీరింగు పిల్లలకీ ప్రాజెక్టు, ఆఖరికి హైస్కూలు పిల్లలకీ ప్రాజెక్టే. ఆ ప్రాజెక్టు తయారయ్యేది ఎక్కడ? మన ఇంట్లో, భోజనాల బల్ల మీద, రేపు ఇవ్వాలనగా ఇవాళ రాత్రి పదకొండు గంటలకి. నాన్నగారు ప్రింటు తీయించుకు వస్తారు, అమ్మ కాఫీ కలిపి ఇస్తుంది, పిల్లవాడు ఫోనులో దొరికిందల్లా దింపేస్తాడు. డబ్బు పుచ్చుకుని రాసిపెట్టేవాళ్లూ వున్నారు. మార్కులు వస్తాయి. కానీ పిల్లవాడికి ఏం వచ్చింది?

"మాకు ఆ సబ్జెక్టులు రావు కదండీ, మేమేం చెయ్యగలం?" అని మీరు అడగవచ్చు. సబ్జెక్టు రానక్కరలేదు. పద్ధతి తెలిస్తే చాలు. పద్ధతి తెలిసిన తల్లి సరైన చోట ఒక్క ప్రశ్న వేస్తే, పిల్లల పని తిన్నగా నడుస్తుంది. ఆ పద్ధతి ఏమిటో పుస్తకాల భాషలో చెబితే మనసుకు పట్టదు. అంచేత మన వూళ్లో జరిగిన ఒక గొప్ప పరిశోధనని ముందు పెట్టుకుని చెబుతాను.

మేము వుండేది సికింద్రాబాదు కార్ఖానాలో. ఇక్కణ్ణించి బేగంపేట ఎంతో దూరం లేదు. అక్కడ ఒక పాత భవనం వుంది. ఒకప్పుడది పటాలానికి ఆస్పత్రి. ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద పరిశోధనాలయంగా వున్నది. 1897 ఆగస్టు 20వ తేదీన మలేరియా సూక్ష్మజీవి దోమ పొట్టలో పెరుగుతున్నదని ఆ పటాలం డాక్టరు రాస్ ఇక్కడే కళ్లారా చూశాడు. అందుకే ప్రతి యేడూ ఆ రోజును ప్రపంచమంతటా దోమల దినంగా జరుపుకుంటారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత పని ఆయన ఎలా చేశాడు? ఒక్కొక్క మెట్టే చూద్దాం.

మొట్టమొదటి మెట్టు ప్రశ్న. "మలేరియా గురించి రాస్తాను" అంటే అది ప్రశ్న కాదు, సముద్రం. మలేరియా అనే పేరుకే చెడుగాలి అని అర్థం. గాలి వల్ల వస్తుందని వందల యేళ్లు నమ్మారు. రాస్ వేసుకున్న ప్రశ్న చిన్నది: మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టలోకి వెళ్లిన సూక్ష్మజీవి అక్కడ ఏమవుతోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఎక్కడ చూడాలో, దేనితో చూడాలో తెలుస్తుంది. మీ అబ్బాయి "అమ్మా, నా ప్రాజెక్టు కాలుష్యం మీద" అన్నాడనుకోండి, "ఎక్కడి కాలుష్యం నాన్నా? దేని కాలుష్యం? దాని గురించి నువ్వు తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి?" అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే, ప్రాజెక్టు ఇంకా మొదలు కాలేదన్నమాట.

రెండో మెట్టు, మనకంటే ముందువాళ్లు ఏం తెలుసుకున్నారో చదవడం. మలేరియా రోగి నెత్తురులో సూక్ష్మజీవిని 1880లోనే లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు ఆల్జీరియాలో చూశాడు. రాస్ మొదట అది నమ్మలేదు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు ఆయనకు సూక్ష్మదర్శినిలో చూపించాడు. చూసిన తర్వాత నమ్మాడు. ముందువాళ్ల పని తెలుసుకోకుండా మొదలుపెట్టి వుంటే లావెరాన్ చూసినదాన్నే మళ్లీ వెతుక్కుంటూ కూచునేవాడు.

మన పిల్లలు చదవడానికి ఏ లోటూ లేదు. అఫ్జల్‌గంజిలో 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం వుంది. సుల్తాన్ బజారులో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వుంది. దేశంలోని విశ్వవిద్యాలయాలకు ఇచ్చిన సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే చోట కంప్యూటరులో ఎవరైనా చదువుకోవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. కానీ చదివినది ఎక్కడ చదివారో అప్పుడే రాసి పెట్టుకోవాలి. పుస్తకం పేరు, రాసినవారి పేరు, అచ్చయిన సంవత్సరం, పేజీ నంబరు. చీటీ లేని పచ్చడి జాడీలాంటిది పేరు రాసుకోని నోట్సు. నెల తిరిగాక లోపల ఏముందో, ఎప్పుడు పెట్టామో మనకే తెలియదు.

మూడో మెట్టు ఊహ. పుస్తకాల్లో దీన్ని పరికల్పన అంటారు. ఊహ ఎవరైనా చెయ్యవచ్చు. అది తప్పు అయితే తప్పని తేలే వీలుండాలి, పరిశోధనలో పనికివచ్చేది అటువంటి ఊహే. మాన్సన్ గారికి ఒక ఊహ వుండేది. దోమ నీళ్లలో పడి చచ్చిపోతుంది, ఆ నీళ్లు తాగినవారికి మలేరియా వస్తుంది అని. రాస్ దాన్ని పరీక్షించాడు. దోమలు చచ్చిపడిన నీళ్లు కొందరి చేత తాగించాడు. ఒకతనికి కొద్దిగా జ్వరం తగిలింది. ఇంకొకరైతే "ఇంకేం, రుజువైపోయింది" అని పత్రికకి రాసేసేవారు. రాస్ అక్కడ ఆగలేదు. మళ్లీ మళ్లీ చేసి చూశాడు. మిగతావాళ్లకు జ్వరం రాలేదు. ఊహ నిలబడలేదు. చెప్పినవాడు తనకు గురువులాంటివాడే అయినా దాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోకూడదు. జబ్బు వస్తుందేమో చూద్దామని మనుషుల చేత అలా నీళ్లు తాగించడం ఈ రోజుల్లో కుదరదు. మనుషుల మీద చేసే పరిశోధనకు మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 1980లో నియమాలు పెట్టింది, 2017లో వాటిని మళ్లీ విస్తరించి ప్రకటించింది. ఏం చేస్తున్నారో, ఏం ప్రమాదం వుందో విప్పి చెప్పి, మనస్ఫూర్తిగా ఒప్పుకున్న తర్వాతే చెయ్యాలి. వద్దంటే మానుకోవాలి. మన పిల్లలు వీధిలో నాలుగు ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడిగినా ఇదే మర్యాద వర్తిస్తుంది. ఎందుకు అడుగుతున్నారో చెప్పాలి. ఎవరింటి సంగతి వారి పేరుతో బయట పెట్టకూడదు.

నాలుగో మెట్టు, పని చెయ్యడంలో శుభ్రత. ఇది చేతుల శుభ్రత కాదండోయ్, ఆలోచనలో శుభ్రత. గోడ మీద వాలిన దోమని పట్టుకుని చూస్తే ఏం లాభం? అది అంతకుముందు ఎవరెవరిని కుట్టిందో ఎవరికి తెలుసు? అందుకని రాస్ లార్వాలను, అంటే నీళ్లలో గింగిరాలు తిరిగే దోమపిల్లలను సీసాల్లో పెంచి, రెక్కలు వచ్చి పైకి లేచిన కొత్త దోమలనే వాడాడు. వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీదికి వదిలి కుట్టించాడు. కుట్టిన ఒక్కొక్క దోమకి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. అప్పుడు ఆ దోమ కడుపులో ఏది కనిపించినా అది ఎక్కడి నుంచి వచ్చిందో అనుమానం వుండదు.

రెండేళ్ల పాటు ఆయన వెతికింది వేరే జాతుల దోమల్లో. ఏమీ కనిపించలేదు. చివరికి రెక్కల మీద మచ్చలున్న రకం దోమలు దొరికాయి. ఆగస్టు 16న వాటిని హుసేన్ ఖాన్‌ని కుట్టించాడు. ఒక్కొక్క రోజూ కొన్నింటిని కోసి చూస్తూ వచ్చాడు. ఒకటే ఉక్క. పంకా వేసుకుంటే దోమలు ఎగిరిపోతాయని అదీ మానుకున్నాడు. నుదుటి మీది చెమట పడి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. 20వ తేదీకి రెండే దోమలు మిగిలాయి. వాటిలో ఒకదాని పొట్ట గోడలో గుండ్రంగా, నల్లని చుక్కలతో, ఇదివరకు ఏ దోమలోనూ లేనిదొకటి కనిపించింది.

మరి అదే సూక్ష్మజీవి అని ఎలా నమ్మడం? ఆయన ఇలా ఆలోచించాడు: ఇది ప్రాణం వున్నదే అయితే రేపటికి పెరగాలి. 21వ తేదీన మిగిలిన ఆఖరి దోమను కోశాడు. అందులో ఆ గుండ్రటివి నిన్నటికంటె పెద్దవిగా వున్నాయి. చూశారా, ముందుగా "ఇలా వుండాలి" అని చెప్పి, తర్వాత చూడటం. చూసిన తర్వాత "నేను ముందే అనుకున్నాను" అనడం మన చుట్టాలందరూ చేసే పనే. దాన్ని పరిశోధన అనరు.

అయిదో మెట్టు, చూసినదాన్ని చూసినంతే చెప్పడం. అదే సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఆయన వ్యాసం అచ్చయింది. మలేరియా రోగి నెత్తురు తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని విచిత్రమైన కణాల గురించి అని దాని పేరు. రెండు దోమలు అన్నాడు, "మలేరియా రహస్యం బయటపడింది" అని డప్పు కొట్టలేదు. తర్వాత 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని పూర్తి చేశాడు. అక్కడ ఆయన చేసిన ఏర్పాటు చూడండి. కొన్ని దోమలకు జబ్బు బాగా ముదిరిన పిచ్చుక నెత్తురు, కొన్నింటికి జబ్బు కొద్దిగా వున్న పిచ్చుక నెత్తురు, మరి కొన్నింటికి జబ్బే లేని పిచ్చుక నెత్తురు. మొదటివాటిలో ఆ కణాలు బోలెడు, రెండోవాటిలో తక్కువ, మూడోవాటిలో అసలు లేవు. జబ్బు లేని పిచ్చుక ఎందుకు, దండగ కదా అనిపిస్తుంది. అది లేకపోతే పోల్చి చూడటానికి ఏముంది? మనుషుల మలేరియా కూడా అనాఫిలిస్ దోమలోనే పెరుగుతుందని ఇటలీలో గ్రస్సీ, ఆయన తోటివారు ఆ సంవత్సరమే చూపించారు.

ఈ పోల్చి చూడటం అనే సంగతి మన వంటింట్లో బాగా పనికివస్తుంది. జలుబు చేసింది, కషాయం తాగాం, వారానికి తగ్గింది. తాగని పక్కింటావిడకీ వారానికే తగ్గింది. డెంగీ వచ్చినప్పుడు బొప్పాయి ఆకు రసం తాగితే ప్లేట్‌లెట్లు పెరిగాయని ఎంతమంది చెప్పలేదు! డెంగీలో జ్వరం దిగి కోలుకునే దశలో ప్లేట్‌లెట్లు సాధారణంగా వాటంతట అవే పెరుగుతాయి. తాగినవారినీ తాగనివారినీ పక్కపక్కన పెట్టి చూడకుండా రసం మహిమ అనలేము. జ్వరం తగ్గింది కదా అనుకున్న సమయంలోనే విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే రసం నూరుతూ కూచోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. సరిగ్గా ఆలోచించడం ప్రాణం నిలబెట్టే చోటు అది.

ఎక్కువసార్లు చేస్తే నిజమైపోతుందా అంటే, అదీ కాదు. 1888, 1889 సంవత్సరాలలో మన హైదరాబాదులోనే క్లోరోఫారం మత్తు మీద పెద్ద పరిశోధనలు జరిగాయి. నిజాం ప్రభువు డబ్బు ఇచ్చారు, డాక్టరు లారీ నడిపించారు. రూపాబాయి ఫర్దూన్‌జీ అనే మన హైదరాబాదు డాక్టరమ్మ ఆ పనిలో వున్నారు. రోగికి మత్తు ఇవ్వడమే వృత్తిగా చేసుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఇది మనం గర్వించవలసిన సంగతి. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ఊపిరి జాగ్రత్తగా చూసుకుంటే చాలు, క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదని తేల్చారు. కానీ 1911లో లెవీ అనే ఆయన మత్తు తేలికగా వున్నప్పుడే గుండె అదిరి ఆగిపోవచ్చునని చూపించాడు. అంతమంది పెద్దలు, అంత డబ్బు, అన్ని పరీక్షలు వున్నా నిర్ణయం నిలవలేదు. పరిశోధనలో ఆఖరి మాట అనేది వుండదు. మన పద్ధతి దాచకుండా రాసిపెడితే, తర్వాతవాళ్లు వచ్చి సరిదిద్దుతారు.

ఇక మన వీధిలోకి వద్దాం. మా పక్కింటి అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇళ్లలో నిలవ నీళ్లు, వాటిలో దోమపిల్లలు, ఇదీ ఆ అమ్మాయి ప్రాజెక్టు. కార్ఖానాలో 40 ఇళ్లు చూడాలని అనుకుంది. మొదట తన స్నేహితురాళ్ల ఇళ్లకే వెళ్దామనుకుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. నిజమే, కానీ గిన్నె అంతటికీ ఒకే నీరు, ఒకే సెగ తగిలితేనే ఆ మాట చెల్లుతుంది. కట్టెల పొయ్యి మీద అడుగు మాడి పైన పలుకుగా వుండటం మనకు తెలియనిదా? వీధి కూడా అంతే. అపార్టుమెంటు వేరు, సంపు వున్న ఇల్లు వేరు, ఒక్క గదిలో డ్రమ్ములు పెట్టుకున్నవారు వేరు. అంచేత ప్రతి వీధిలోనూ వరసగా నాలుగు గుమ్మాలు వదిలి అయిదో గుమ్మం తట్టమని ఆమె మాస్టారు చెప్పారట.

ప్రశ్నలు నాకు చదివి వినిపించింది. "మీరు నీళ్ల మీద మూత పెడతారు కదండీ?" అని వుంది. ఇలా అడిగితే కాదనే ఇల్లాలు ఎవరమ్మా? "డ్రమ్ము ఆఖరుసారి ఎప్పుడు ఖాళీ చేసి తోమారు? ఒకసారి చూడొచ్చా?" అని అడగమన్నాను. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనక తోమిన రోజే అసలు లెక్క.

రేపు ఇచ్చెయ్యాలనగా ఆ అమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది. "పిన్నిగారూ, 27 ఇళ్లే అయ్యాయి. మిగతావి తాళాలు, కొందరు రానివ్వలేదు. ఫ్రెండ్సందరూ రాసెయ్యమంటున్నారు, అమ్మ కూడా ఎవరు చూడొచ్చారే అంటోంది" అంది. "తల్లీ, తాళం వేసిన ఇంట్లో డ్రమ్ము ఎవరైనా తోముతున్నారా?" అన్నాను. ఒక్క క్షణం అలా నిలబడిపోయింది. వూరెళ్లినవాళ్ల ఇంట్లోనే కదా నీళ్లు కదలకుండా వుండేది! ఆ పదమూడు ఇళ్లు తెరిచివున్న ఇళ్లలాంటివి కావు. ఊహించి నింపితే ముఖ్యమైన సంగతే మాసిపోతుంది. రేపు ఆ కాగితం చూసి "ఇక్కడ బెడద లేదు" అని ఎవరైనా అనుకుంటే, డెంగీ వచ్చేది ఈ వీధి పిల్లలకే. ఆ సాయంత్రం వాళ్లమ్మ కూడా చెప్పులు వేసుకుని తోడు వెళ్లింది. మరో నాలుగు ఇళ్లు దొరికాయి. మిగిలిన తొమ్మిదీ చూడలేకపోయామనీ, ఎందుకు చూడలేకపోయామో కూడా ఆ అమ్మాయి రాసి ఇచ్చింది. ఆమె అనుమానమంతా డ్రముల మీద. తీరా చూస్తే కూలర్ల అడుగున, పూలకుండీల కింది పళ్లేలలో పురుగులు ఎక్కువ కనిపించాయి. అది కూడా దాచకుండా రాసింది.

దొంగ లెక్కలు రాయడం ఒక తప్పయితే, ఇతరుల రాతను తనదని ఇవ్వడం మరొకటి. 2018లో యూజీసీ దీని మీద నియమాలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో పోలిక నూటికి 10 వంతులు దాటితే వెనక్కి ఇచ్చి మళ్లీ రాయమంటారు. 40 దాటితే యేడాది పాటు మళ్లీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పదో తరగతిలో ప్రాజెక్టు దింపుడు అలవాటైన చెయ్యి ఇరవై అయిదో యేట ఒక్కసారిగా మారదు. పక్కింటినుంచి పంచదార తెచ్చుకుంటే అప్పు అని చెబుతాం కదా. మాట తెచ్చుకున్నా అలాగే చెప్పాలి. సాయం చేసినవారి పేరూ చెప్పాలి. హుసేన్ ఖాన్ పేరు మనకు తెలిసింది రాస్ రాసి పెట్టుకోబట్టే.

కనక అమ్మలారా, ఈసారి పిల్లలు ప్రాజెక్టు అనగానే ఈ అయిదూ అడగండి. నీ ప్రశ్న ఏమిటి? ఇదివరకు ఎవరేం చెప్పారు? నీ ఊహ తప్పయితే నీకెలా తెలుస్తుంది? దేనితో పోల్చి చూశావు? నువ్వు చూడలేకపోయినది ఏమిటి? జవాబులు మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, వాళ్లు తడుముకుంటున్నారో లేదో తల్లికి తెలియదా? రాత్రి పదకొండుకి కాక, నెల ముందే అడగండి.

ఇంకొక్క మాట. ఇల్లూ పిల్లలూ అని చదువు మధ్యలో ఆపిన వారు మనలో ఎందరో వున్నారు. 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇంట్లో వుండి చదువుకునేవారి కోసమే. పాల లెక్క, గ్యాసు ఎన్నాళ్లు వచ్చిందీ, ఏ మందుకి పిల్లకి దద్దుర్లు వచ్చాయీ తేదీలతో రాసి పెట్టుకునే ఇల్లాలికి పరిశోధన పద్ధతి కొత్తది కాదు. దానికి ఒక ప్రశ్న జోడిస్తే సరి.